గృహిణీవిజ్ఞానము: చేపవధయందు దయ, కూరయందు రుచి



గత మాసమున పప్పుధాన్యములను పురుగు పట్టకుండ నిలువచేయు విధమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున నేను వ్రాయబూనిన విషయము కొందఱకు రుచింపకపోవచ్చును. అది చేపలను గూర్చినది. అందును వండుటను గూర్చి కాదు, చంపుటను గూర్చి. మాంసము ముట్టని సోదరీమణులు ఈ పుటను త్రిప్పివేయక కడవఱకు చదువ ప్రార్థన. ఏలయన, దయకు సంబంధించిన మాట ఏ యొక్కరి వంటయింటికో పరిమితమైనది కాదు.

రెండు నెలల క్రిందట ఒక ఆదివారము ప్రొద్దున నా తొమ్మిదేండ్ల కుమార్తెను వెంటబెట్టుకొని చేపల బజారునకు పోతిని. మేము కాపురముండునది కొల్లేటికి దాపున నున్న యొక చిన్న పట్టణము. ఎటు చూచినను చేపల చెఱువులే. బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు, బంగారుతీగ మాకు కూరగాయలవలె నిత్యపరిచితములు. నాకు చిన్ననాటినుండి యొక యలవాటు కలదు. తొట్టిలోనుండి తీసి పలకమీద వేసినపుడు ఏ చేప మిక్కిలిగా కొట్టుకొనునో దానినే ఏఱుకొందును. కొట్టుకొనునదే తాజా యని మా యమ్మ చెప్పెను. మా యత్తగారును అదియే చెప్పిరి.

ఆనాడును అట్లే యొక శీలావతిని ఏఱితిని. అమ్మునామె దానిని తూచి, మంచుపెట్టెలో పడవేసి, మఱియొకరి బేరమునకు తిరిగినది. మేము నిలుచుండి యుంటిమి. కొంతసేపటికి నా కుమార్తె నా కొంగు లాగి, "అమ్మా, అది ఇంకా నోరు తెరుస్తోంది చూడు" అన్నది. చూచితిని. మంచుముక్కల నడుమ ఆ చేప మొప్పలు మెల్లమెల్లగా తెఱచుకొని మూసికొనుచుండెను.

"చల్లగా ఉంటే నిద్రపోతుందమ్మా. దానికేమీ తెలియదు" అని చెప్పితిని.

"అవునండి మాస్టారమ్మగారూ! ఐసులో పడ్డాక దానికేం తెలుస్తాదండి?" అని ఆ యమ్మియు నా మాటకు వంత పాడినది.

ఇంటికి వచ్చి పులుసు పెట్టితిని. మంట తగ్గించితిని, గరిటె పెట్టక గిన్నెను మాత్రమే కుదిపితిని. అయినను ముక్కలు పొరలు పొరలుగా విడిపోయి, వడ్డించు వేళకు ముండ్లు వేఱు, మాంసము వేఱు అయినవి. మా వారు నవ్వి యూరకుండిరి. నా కుమార్తె మాత్రము విస్తరిముందు కూర్చుండి, "అమ్మా, ఆ చేప నిజంగా నిద్రపోయిందా?" అని యడిగి, ముక్కను ముట్టక మజ్జిగ పోసికొని లేచిపోయినది.

నా కది రాత్రియంతయు ముల్లువలె గ్రుచ్చుకొనినది. పిల్లకు నేను చెప్పినది నిజమా? నాకు తెలిసి చెప్పితినా, తోచినది చెప్పితినా? మా వారు పాఠశాలలో ప్రకృతిశాస్త్రము బోధింతురు. వారినడిగి, వారు తెచ్చి చూపిన శాస్త్రగ్రంథములను చదివించుకొని వినగా తేలిన దేమన, పిల్ల యడిగిన ప్రశ్నకును, కూర చెదరిపోవుటకును సమాధాన మొక్కచోటనే యున్నది.

మొదట చేపకు నొప్పి తెలియునా యను మాట. చేప అఱవదు, కన్నీరు పెట్టదు. కావున దానికి బాధ లేదని మనము తలంచుచుందుము. 2003వ సంవత్సరమున బ్రిటనులో లిన్ స్నెడ్డన్ అను శాస్త్రవేత్త్రియు, ఆమె తోడివారును ట్రౌటు అను చేప ముఖమునందు నొప్పిని గ్రహించు నాడీస్థానములు కలవని కనిపెట్టిరి. ఆ చేప పెదవులలో తేనెటీగ విషమునో, పులియు ఆమ్లమునో ఎక్కించినపుడు అది సుమారు మూడు గంటలవఱకు మేత ముట్టలేదు. ఆమ్లమెక్కించినవి పెదవులను తొట్టి యడుగు రాళ్లకు రాచుకొనినవి. నొప్పిని తగ్గించు మందిచ్చినపుడు ఈ చేష్టలు తగ్గినవి. చేప మనవలె బాధపడునా యని వాదించు పండితులు నేటికిని కలరు. కాని సందేహమున్న చోట దయవైపు మొగ్గుటయే గృహధర్మమని నా మతము.

ఇక మంచులో నిదుర. ఇచ్చటనే నేను పొరబడితిని. 1991లో ప్రకటింపబడిన యొక పరిశోధన కలదు. ట్రౌటు చేపలను నీటినుండి తీసి గాలిలో నుంచి, వాని మెదడు ఎంతసేపటికి పనిచేయుట మానునో కొలిచిరి. 20 డిగ్రీల వేడిమిలో 2.6 నిమిషములు పట్టెను. 14 డిగ్రీలలో 3 నిమిషములు. 2 డిగ్రీల చలిలోనో, 9.6 నిమిషములు! చల్లదనము చావును త్వరపఱచలేదు, పొడిగించినది.

ఏలయన, చేప శీతలరక్తము గల జంతువు. చలిలో దాని దేహవ్యాపారమంతయు మందగించును. ప్రాణవాయువు తక్కువ ఖర్చగును. కావున ఉన్న కొంచెముతోనే మెదడు ఎక్కువసేపు నిలుచును. కదలిక మాత్రము ముందే ఆగిపోవుటచే చూచువారికి నిదురవలె కనబడును. ట్రౌటు చల్లని కొండయేళ్ల చేప; మన శీలావతి వెచ్చని నీటిలో పెరుగునది. కావున ఆ నిమిషముల లెక్క మన చేపకు యథాతథముగా సరిపోదు. అయినను కదలకపోవుట వేఱు, తెలియకపోవుట వేఱు అను సంగతి రెంటికిని సమానమే. నా కుమార్తె కన్ను చూచినది నిజము. నా నోరు చెప్పినది అబద్ధము.

ఇప్పుడు కూర సంగతికి వత్తము. కూర చెదరుటకు పాతచేపయు, ఎక్కువ మంటయు, గరిటె త్రిప్పుటయు కారణములు కావచ్చును. అవి మనమెఱిగినవే. ఎఱుగనిది మఱియొకటి కలదు.

చేప కండలో గ్లైకోజెన్ అను పిండివంటి పదార్థము నిలువయుండును. మన గాదెలో ధాన్యమెట్టిదో కండకు అదట్టిది. దానినుండి పుట్టు శక్తిని ఏ.టి.పి. అను పదార్థము మోసికొనిపోయి కండకు అందించును. ఆ శక్తి యున్నంతవఱకే కండ బిగిసి మరల సడలగలదు. ప్రాణము పోయిన పిదప ప్రాణవాయువు అందదు గావున, గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లముగా మాఱి, కండ కొంచెము కొంచెముగా పులిసిపోవును. ఏ.టి.పి. తఱిగిపోవును. అప్పుడు కండలోని సన్నని దారములు ఒకదానినొకటి పట్టుకొని వదలవు. ఇదియే చేప కఱ్ఱవలె బిగుసుకొనుట.

చేప చచ్చుటకు ముందు వలలో క్రిక్కిఱిసి పెనగులాడి, గట్టున ఎగిరిపడి, మంచులో ఊపిరాడక తన్నుకొనిన దనుకొనుడు. గాదె అప్పటికే ఖాళీ యగును. ఆమ్లము అప్పటికే నిండును. చచ్చిన రెండు మూడు గంటలలోనే, ఒక్కొక్కప్పు డంతకన్న ముందే, అది బిగుసుకొనిపోవును; ఆ బిగువును బలముగా నుండును. చేపమాంసము పొరలు పొరలుగా నుండి, పొరకును పొరకును నడుమ పలుచని జల్లివంటి యతుకు కలదని మనమెఱుగుదుము. ఒళ్లు వెచ్చగా నుండగానే పులిసి, గట్టిగా బిగిసి లాగుటచే ఆ యతుకు తెగును. మాంసమునకు నీటిని పట్టియుంచు శక్తి తగ్గును. అట్టి ముక్క మెత్తబడి, నీరు విడిచి, పులుసులో విడిపోవును.

అలసట లేక, ఒక్క క్షణములో స్మృతి తప్పి చచ్చిన చేప యట్లు గాదు. మంచులో నుంచినచో అది సుమారొక దినమువఱకు మెత్తగా నుండి, పిదపనే నెమ్మదిగా బిగియును. సాల్మన్ చేపలను పెంచువారు ఇది తెలిసియే, బిగియకముందే ముక్కలు కోసి ఎగుమతి చేయగలుగుచున్నారు. చాలదినములు మంచులో నిలువయున్న పిదప ఈ రెండు విధముల చేపలకును భేదము కొంత తగ్గునని కూడ శాస్త్రజ్ఞులే చెప్పుదురు. కాని ఆనాడే తెచ్చి ఆనాడే వండుకొను మనవంటి వారికి ఆ భేదము పళ్లెములో కనబడును.

కావున సోదరీమణులారా, కొట్టుకొనునదే తాజా యను మన మాటలో సగమే నిజము. అది బ్రదికియున్నదనుట నిజము. కాని అది కొట్టుకొనిన కొలదియు మన కూర చెడుచునే యున్నది.

ఈ సంగతిని జపానువారు అనుభవముచేత చాలకాలము క్రిందటనే గ్రహించిరి. వారి పద్ధతికి ఇకెజిమె యని పేరు. చేప తలలో మెదడున్న చోట ములుకుతో నొక్కపోటు పొడిచి, వెంటనే మొప్పలయొద్దను తోకయొద్దను కోసి రక్తము విడిచి, వెన్నుపాము గల కాలువలో సన్నని తీగను దూర్చి దానిని నశింపజేయుదురు. వెన్నుపాము నశించుటచే కండలు వృథాగా అదరవు, శక్తి మిగిలియుండును. ఆ శక్తిపదార్థమే పిదప ఇనోసినిక్ ఆమ్లముగా మాఱి, చేపకు కమ్మని రుచినిచ్చును. ఎండబెట్టిన చేపలో ఆ రుచికి మూలమిదియని 1913లో కొడామా షింతారో అను జపాను శాస్త్రవేత్త కనుగొనెను. చంపుటలోని నేర్పు రుచిగా ఫలించుటకు ఇంతకన్న నిదర్శన మేమి కావలెను?

నార్వే దేశమున సాల్మన్ చేపలను సముద్రమునందలి వలపంజరములలో లక్షలకొలది పెంచుదురు. వారు పూర్వము బొగ్గుపులుసుగాలి కలిపిన నీటిలో చేపలను విడిచి మత్తెక్కించెడివారు. ఆ పుల్లని నీటిలో చేపలు మిక్కిలిగా తన్నుకొనెడివి. స్మృతి తప్పుటకు ముందే కదలిక మానెడివి. దయకును చేటు, మాంసమునకును చేటు. కావున 2012 నాటికి ఆ పద్ధతిని నిషేధించిరి. ఇప్పు డచ్చట యంత్రపు సుత్తితో తలపై నొక్కదెబ్బ కొట్టుటయో, విద్యుత్తు ప్రసరింపజేయుటయో చేసి, వెంటనే మొప్పలు కోసి రక్తము విడుతురు. విద్యుత్తులోను జాగ్రత్త వలయును. చాలనిచో చేప మరల తెలివి తెచ్చుకొనును. తగనిదైనచో వెన్నెముక విఱిగి మాంసములో నెత్తుటి మచ్చలు పడును. ఐరోపా ఆహారభద్రతా సంస్థవారు 2009లో ఒక్కొక్క జాతిచేపకు వేర్వేఱుగా నివేదికలు ప్రకటించిరి. వానిలో మన బంగారుతీగయు నున్నది.

బంగారుతీగ యనగా జ్ఞప్తికి వచ్చినది. చెకు దేశమున క్రిస్మసు పండుగకు ఈ చేపయే ముఖ్యమైన వంటకము. పండుగకు ముందు వీధులలో తొట్లు పెట్టి బ్రదికిన చేపలను అమ్ముదురు. కొనువారు కోరినచో అమ్మువాడు అచ్చటనే చేప తలపై కొయ్యసుత్తితో కొట్టి, పిదప కోసి యిచ్చును. ఇందులో గొప్ప యంత్రమేమియు లేదు. ఒక కొయ్యసుత్తి, ఒక యలవాటు.

మన సంగతి యేమి? మత్స్యోత్పత్తిలో ఆంధ్రప్రదేశము భారతదేశమునకంతకు ప్రథమస్థానమున నున్నది. కైకలూరు, ఆకివీడు, భీమవరము ప్రాంతపు చెఱువుల చేపలు మంచుపెట్టెలలో లారీలకెక్కి వంగ, అస్సాము దేశములవఱకు పోవుచున్నవి. ఆ చెఱువుల గట్టున నేను చూచినంతవఱకు, వల లాగి చేపలను నేరుగా మంచులో కప్పుటయే యాచారము. తప్పు పట్టుట నా యుద్దేశము కాదు. తెల్లవాఱుజామున చలినీటిలో నడుములోతున నిలిచి వల లాగువారి కష్టము నాకు తెలియును. టన్నులకొలది చేపలను ఒక్కొక్కదానినే కొట్టుడని ఇంటిలో కూర్చున్న నేను వారికి చెప్పజాలను. అది పెద్ద రైతులును, సంఘములును, ప్రభుత్వమును యంత్రసహాయముతో చక్కబెట్టవలసిన పని. వారికి ఆ యాలోచన పుట్టవలెనన్న, కొనువారు అడుగవలెను. కొనువారము మనమే కదా!

మన చట్టమును ఈ విషయమున పూర్తిగా మౌనముగా లేదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమునందు జంతువనగా మనుష్యుడు తప్ప తక్కిన ప్రాణి యేదైనను అని నిర్వచనము కలదు. చేపయు అందులోనిదే. ఆహారమునకై చంపుట నేరము కాదని ఆ చట్టమే చెప్పుచు, అనవసరమైన బాధ కలిగించినచో మాత్రము ఆ మినహాయింపు వర్తింపదని కూడ చెప్పుచున్నది.

ఇక మన చేతిలో నున్న పని. తొట్టిలో బ్రదికియున్న చేపను కొనునపుడు, ముఖ్యముగా కొర్రమీనును కొనునపుడు, ఇది తప్పక పాటింపుడు. కొర్రమీను గాలినే పీల్చి బ్రదుకగల చేప. నీటినుండి తీసినంతమాత్రమున చావదు. దానిని ప్రాణముండగనే బూడిదలో దొర్లించి పొలుసు తీయుట నేను పలుమాఱులు చూచితిని. ఏమియు ననక నిలుచుంటిని. ఇకమీదట అట్లు నిలువరాదు.

చేపను తడిగుడ్డతో కదలకుండ పట్టి, కన్నులకు కొంచెము వెనుకగా, తల నడినెత్తిన, బరువైన కొయ్యతో గట్టిగా నొక్కదెబ్బ కొట్టించవలెను. మెల్లని దెబ్బలు పది కొట్టుట కంటె గట్టిదెబ్బ యొకటి మేలు. కొర్రమీను తల గట్టిది గావున బలముగా కొట్టవలెను. స్మృతి తప్పినదని తెలియుటకు గుఱుతులు రెండు. మొప్పల కదలిక పూర్తిగా ఆగవలెను. చేపను అటునిటు ఒఱగించినపుడు కనుగ్రుడ్డు తానుగా తిరుగక, తలతోపాటు నిశ్చలముగా నుండవలెను. గ్రుడ్డు తిరిగినచో ఇంకను తెలివి కలదని యర్థము. మఱియొక దెబ్బ వెంటనే కొట్టించవలెను. అటుపిమ్మట తోక కొంచెము అదరినను భయపడవలదు. అది కండల యదురు మాత్రమే. వెంటనే మొప్పలు కోసి, చల్లని నీటిలో కొన్ని నిమిషములుంచి రక్తము పోనిచ్చి, అప్పుడు పొలుసు తీయించి, మంచులో పెట్టవలెను. రక్తము పోయిన మాంసము తెల్లగా నుండును, నీచువాసన తగ్గును. మంచు మంచిదే, కాని అది చచ్చిన చేపకు మంచిది.

ఇంటికి తెచ్చిన చేప కఱ్ఱవలె బిగిసియున్నచో అది తాజాయే గాని, ఆ స్థితిలో వండినచో ముక్క గట్టిపడి ముడుచుకొనును. బిగువు సడలువఱకు మంచులో నుంచి పిదప వండుకొనుడు. మంచులోనే చచ్చి వచ్చిన చేపను మనమేమియు చేయజాలము. దానిని పలుచని పులుసునకు గాక, వేపుడునకో పిడుపునకో వాడుకొనుట మేలు.

మహాభారతమున ధర్మవ్యాధుని కథ మీరెఱుగుదురు. మిథిలానగరమున మాంసవిక్రయము చేసి బ్రదుకు నాతనియొద్దకు కౌశికుడను బ్రాహ్మణుడు ధర్మము తెలిసికొనుటకు పోయెను. తాను స్వయముగా చంపననియు, ఇతరులు చంపిన దానిని అమ్ముదుననియు ఆతడు చెప్పెను. బాల్యమున మా నాయనగారు ఆ కథ చెప్పినపుడు, అంగడిలో ధర్మమెట్లుండునా యని నేను ఆశ్చర్యపడితిని. ఇప్పుడు నాకొకటి తోచుచున్నది. నేనును స్వయముగా చంపుట లేదు. అమ్మునామె చంపినది కొనుచున్నాను. అంతమాత్రమున నా పూచీ తీఱలేదు. అది ఎట్లు చచ్చినదని యడుగుట నా వంతు.

మఱుసటి ఆదివారము నేను ఆ యమ్మితో, "అక్కా, నాకు కొట్టుకొనేది వద్దు. ముందు తలమీద ఒక దెబ్బ వేసి, అప్పుడు తూచు" అంటిని. ఆమె వింతగా చూచి, "మీరే వద్దంటున్నారేంటండి? కొట్టుకుంటేనే గదండి అందరూ తీసుకునేది!" అన్నది. కారణము చెప్పితిని. నమ్మినదో లేదో గాని, తూనికరాయి ప్రక్కన నున్న దుడ్డుకఱ్ఱను తీసినది. ఇప్పుడా కఱ్ఱ ఆమె పలకక్రిందనే యుండును. ముక్క విడిపోవుట లేదని చెప్పి, మఱి యిద్దఱు ముగ్గురు ఇల్లాండ్రును అట్లే అడుగుచున్నారట.

నా కుమార్తెను పిలిచి, ఆనాడు నేను చెప్పినది నిజము కాదనియు, ఆ చేప నిదురపోలేదనియు, తెలియక అట్లు చెప్పితిననియు ఒప్పుకొంటిని. అది చాలసేపు ఆలోచించి, "ఇప్పుడు తెచ్చేవాటికి తెలియదా?" అని యడిగినది. "దెబ్బ సరిగా పడితే తెలియదమ్మా. సరిగా పడిందో లేదో నేను చూస్తున్నాను" అంటిని. ఇంతవఱకు అది మరల చేప తినలేదు. తినుమని నేను బలవంతపెట్టను. తినుటయో మానుటయో దాని యిష్టము. నిజము చెప్పుట మాత్రము నా విధి.

ఈ విషయమున మీ మీ యూళ్లలో గల యలవాట్లను వ్రాసి పంపుడు. వచ్చు మాసమున వేసవి రాకముందే పెట్టదగిన ఊరగాయలను గూర్చి ముచ్చటించుకొందము.